మునుం ఆగిన చోటు

కాలవ గట్టు మీద కారు ఆగింది. పార్థసారథి గారు దిగి, ప్యాంటు అంచులు పైకి మడుచుకుని, చేను వైపు చూశారు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏంటిది ప్రేమ్ కుమార్? నాకున్నది ఒక చేనా, రెండు చేలా?"

ఎవరు చూసినా ఆ మాటే అడుగుతారు. నాట్లు పడి నెల దాటింది. తూర్పు సగం ముదురాకుపచ్చగా, పిలకలు కమ్ముకుని, కింద నీళ్ళు కనపడకుండా ఉంది. పడమటి సగం పథ్యం తింటున్న మనిషి మొహంలా ఉంది. చావలేదు, తెగులూ లేదు. పాలిపోయి, పిలక పెట్టక, మొక్కకీ మొక్కకీ మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. రెండు సగాలకీ నడుమ గట్టు లేదు, నీళ్ళు పారే బోదె లేదు. ఒకటే మడి. ఆ మడికి అడ్డంగా ఎవరో గీసినట్టు రంగు మారిపోయింది.

చేను పార్థసారథి గారిది. బ్యాంకులో పనిచేసి రిటైరై రాజమండ్రి దానవాయిపేటలో ఫ్లాటులో ఉంటారు. కౌలుకి తీసుకుని దున్నించేది, నాటించేది, కోయించేది ప్రేమ్ కుమార్. అయినా కాగితం మీద రైతు పార్థసారథి గారే. పాసుబుక్కు ఆయనది, యూరియా వచ్చేదీ ఆయన వేలిముద్ర మీదే. మోకాలి లోతు బురదలో దిగేవాడికి కౌలు కార్డు రావాలంటే ఆయన సంతకం పెట్టాలి. పెడితే భూమి చేజారిపోతుందని ఆయన భయం. అందుకని పెట్టరు. ఇలాంటి భయస్తుల కింద డెల్టా సగం సాగవుతోంది.

"ఈ ఏడు యూరియాకి ఎంత కటకటగా ఉందో నీకు తెలుసు," అన్నారాయన. "నేను పనిగట్టుకుని వచ్చి, వేలిముద్ర వేసి, ఎండలో నిలబడి ఇప్పించాను. నువ్వేమో సగం చేనుకి వేశావు. మిగతాది ఎవరికి అమ్ముకున్నావ్?"

"అమ్మలేదండి. దొరికిందే తక్కువ. చేనంతా పల్చగా చల్లానండి."

"మరి ఇదేంటి?"

ప్రేమ్ కుమార్ తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "మట్టి తేడా అయ్యుంటుందండి."

"మా తాతగారి నాటి నుంచీ ఉన్న చేను. మట్టి సంగతి నాకు చెప్తావా?"

పక్క చేలో ప్రిస్కిల్లా ముఠా కలుపు తీస్తోంది. ఆడవాళ్ళందరూ నడుములెత్తి నిలబడ్డారు. ప్రిస్కిల్లా మాత్రం వంగే ఉంది. కలుపు అయిపోయిన చోటే చేత్తో నీళ్ళు కెలుకుతోంది.

"ఏమ్మా ప్రిస్కిల్లా," అని ఆయన గట్టు మీంచే పిలిచారు. "నాట్లు వేసింది మీ ముఠాయే కదా. నాటేటప్పుడు ఏమన్నా తేడా కనపడిందా? మైకు లేకపోతే నీకు మాట రాదా?"

ఆయన దెప్పింది ఊరికే కాదు. ప్రిస్కిల్లా ముఠాకి మేస్త్రి, ఊళ్ళోకి వస్తే కూలి సంఘానికి గొంతు. చదివింది ఐదో తరగతి. కూలి రేటు గురించి, కౌలు కార్డుల గురించి ఆమె మాట్లాడితే రావులపాలెం సెంటర్లో అరటి గెలల బేరం ఆపి మరీ వినేవాళ్ళు. కూలోళ్ళు పని ఎగ్గొడతారని ఒక రైతు అన్నందుకు వాళ్ళ వీధరుగు ముందే మైకు పెట్టి కడిగేసిన మనిషి. అలాంటి మనిషి ఆ పూట నడుమెత్తి, కొంగుతో మొహం తుడుచుకుని, ఇంతే అంది.

"మాకేం తెలుస్తుందండి. నాటమన్నారు, నాటాం."

ప్రేమ్ కుమార్ ఒక్కసారి ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. చూసి, బోదెలోకి వంగి చేతులు కడుక్కున్నాడు. ఆ చేతులకి మట్టి లేదు.

"పంట ఇంటికి చేర్చు," అన్నారు పార్థసారథి గారు కారు ఎక్కుతూ. "వచ్చే దాళ్వా పంటకి నేను వేరే మనిషిని చూసుకుంటాను. దొంగల చేతిలో భూమి పెట్టి రాజమండ్రిలో నిద్రపోలేను."

కారు వెళ్ళిపోయింది. సుబ్బాయమ్మ గబగబా కలుపు పీకడం మొదలుపెట్టింది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఆ గీత ఎందుకు వచ్చిందో ఆ ముఠాలో తెలియని మనిషి లేదు.

*

వానాకాలం సార్వా నాట్లకి ముందు రైతు సేవా కేంద్రంలో హరిచందన అనే అమ్మాయి కౌలు రైతుల్ని కూర్చోబెట్టి నల్ల పొడి ప్యాకెట్లు చూపించింది. అజోస్పైరిల్లం అని పేరు. "గాలిలో నత్రజని బోలెడంత ఉందండి. వరి మొక్క దాన్ని గాలిలోంచి పీల్చుకోలేదు. ఈ పొడిలో ఉన్న సూక్ష్మజీవులు వేళ్ళని పట్టుకుని బతుకుతూ, ఆ నత్రజనిని మొక్కకి అందేలా మారుస్తాయి," అని చెప్పింది. యూరియా పూర్తిగా మానేయమని కాదు, కొంత తగ్గించుకోవచ్చు అంది. "కానీ ఇది ప్రాణమున్న సరుకండి. ఎండ తగలకూడదు, పురుగుమందు తగలకూడదు. నీళ్ళలో కలిపి, నాటే ముందు నారు కట్టల వేళ్ళు అరగంట నానబెట్టాలి. ముంచి తీసేస్తే అంటుకోవు."

యూరియా దొరకని ఏడు. కార్డు లేనివాడికి అసలే దొరకదు. ప్రేమ్ కుమార్ ఆ ప్యాకెట్లు తెచ్చుకుని, నాట్ల రోజు దాకా మంచినీళ్ళ కుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టాడు. భార్య మెర్సీ పక్కింటివాళ్ళకి చెప్పుకుని నవ్వింది, "మా ఆయన పురుగుల్ని పెంచుతున్నాడు, వాటికి నాకంటే మర్యాద ఎక్కువ," అని.

నాట్ల రోజు నీలం డ్రమ్ముని నిలువునా కోసి తొట్టెలా చేసి గట్టు పక్కన పెట్టాడు. నల్లనీళ్ళు కలిపాడు. "ఊళ్ళో జనమంతా పురుగుల్ని చంపడానికి మందు కొంటుంటే నువ్వు పురుగుల్నే కొనుక్కొచ్చావా బాబూ," అని సుబ్బాయమ్మ ఎకసెక్కమాడింది. "వీటికి పెళ్ళిళ్ళు కూడా చేస్తావా?"

"చేస్తానత్తా. భోజనాలకి నిన్ను పిలుస్తా," అన్నాడతను.

పొద్దుటి పూట పని పద్ధతిగానే సాగింది. కట్టలు నానుతున్నంతసేపూ ముఠా గట్టు మీద కూర్చునేది. మిగతా చేలలో నారు విసిరినవి విసిరినట్టే నాటుకుపోవడం వాళ్ళకి అలవాటు. ఎకరానికి ఇంత అని గుత్తకి ఒప్పుకున్న పని, కూర్చున్న ప్రతిసారీ చేతులు దురద పెట్టేవి. తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటుకుంటూ వచ్చారు. నాట్లలో ఒక్కో ఆడమనిషీ తన ముందు కొన్ని వరసలు పట్టుకుంటుంది. అందరూ కలిసి ఒక వరసగా కదులుతారు. దాన్నే మునుం అంటారు. సరిగ్గా చేను మధ్యకి వచ్చేసరికి నానిన కట్టలు అయిపోయాయి. అన్నాలకి లేచారు.

అప్పుడు ప్రేమ్ కుమార్‌కి ఫోనొచ్చింది. సారు వేలిముద్రకి వస్తున్నారు, యూరియా లైనులో నిలబడాలి. తొట్టెలో కొత్త కట్టలు పేర్చి, చెయ్యి తుడుచుకుని, "నేను వెళ్తాను. అరగంట ఉంచు అక్కా. నువ్వున్నావుగా, నాకేం బెంగలేదు," అని సైకిలెక్కాడు. ప్రిస్కిల్లా అతనికి పెద్దమ్మ కూతురు.

అతను వంతెన దాటాడో లేదో ప్రిస్కిల్లాకి రైసు మిల్లు వాళ్ళ గుమాస్తా ఫోను. ఈ పూటే వచ్చి తమ చేను సగమైనా నాటకపోతే రేపు నాటే మిషను దింపిస్తానని. మిషను దిగితే ఆ చేలన్నీ ముఠాకి శాశ్వతంగా పోయినట్టే. ఆ మాటతో పాటే ఆటో కూడా పంపించాడు. అది గట్టు మీద నిలబడి హారన్ కొడుతోంది.

"ఆ పురుగులు స్నానం చేసినా చెయ్యకపోయినా నారు బతకదా ఏంటి," అంది సుబ్బాయమ్మ.

ప్రిస్కిల్లా తొట్టె వైపు చూసింది. అప్పుడే పెట్టిన కట్టలు. ఆమె వాటిని తీసి విసరమంది. మిగిలిన కట్టల్ని అసలు ముంచకుండానే తెమ్మంది. తొట్టె నిండుగా ఉంటే వాడలేదని ప్రేమ్ కుమార్‌కి తెలిసిపోతుంది కదా. అందుకని కాలితో ఒరిగించింది. నల్లనీళ్ళు బోదెలోకి పోయాయి. అన్నాలు తిన్న చోటు నుంచి పడమటి గట్టు దాకా ఎగబడి నాటి, ఆటో ఎక్కేశారు.

దొంగతనం అని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు. పని తెముల్చుకున్నాం అనిపించింది. ఆటోలో నవ్వుకున్నారు కూడా. పోనీ మిల్లు చేను నిలిచిందా అంటే, పై వారమే మిషను దిగింది.

*

పార్థసారథి గారు వచ్చి వెళ్ళిన సాయంత్రం ప్రిస్కిల్లా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. దారిలో మాటలు కూర్చుకుంది. మేం తొందరపడ్డాం, మిల్లు వాళ్ళు బెదిరించారు, కడుపు కోసం. మైకులో చెప్పడానికి బాగుండే మాటలు. గుమ్మం ముందుకి వచ్చేసరికి అవేవీ పనికిరావని తెలిసిపోయింది.

ప్రేమ్ కుమార్ గేదెకి గడ్డి వేస్తున్నాడు. మెర్సీ కుర్చీ వేసింది. ప్రిస్కిల్లా కూర్చోలేదు.

"తమ్ముడూ, ఆ రోజు మధ్యాహ్నం..."

"తెలుసక్కా," అన్నాడతను.

మెర్సీ స్టవ్వు ముందు నుంచే అంది. "అన్నం గిన్నెలు తీసుకెళ్దామని నేను వచ్చాను వదినా. మీరు అప్పటికే పడమటి వైపు నాటుతున్నారు. బోదెలో నల్లనీళ్ళు నిలబడి ఉన్నాయి. తొట్టె బోర్లా పడుంది. ఆ రాత్రే ఈయనకి చెప్పాను."

"మరి నువ్వు నన్నో మాట అడగలేదేంట్రా?"

"అడిగి ఏం చెయ్యను? నాటేసిన నారు పీకి మళ్ళీ ముంచుతామా?"

"సారు దొంగవన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా, మాది తప్పని."

ప్రేమ్ కుమార్ గడ్డిమోపు కింద పడేశాడు. "ఎవరి ముందు చెప్పనక్కా? మా పేట ఆడాళ్ళు నన్ను మోసం చేశారని ఆయన ముందు చెప్పనా? ఆ మాట ఆయన పది ఊళ్ళు తిప్పుతాడు. రేపు మీ కూలి రేటు దగ్గర అదే మాట మీ మొహాన కొడతారు. ఇంకో రోజు నాకు కౌలు గొడవ వస్తే నా పక్కన నిలబడేది నువ్వే కదా, ఆయన కాదు కదా. అందుకని మట్టి తేడా అన్నాను." మోపు విప్పి గేదె ముందుకి తోశాడు. "ఆయన నిన్ను అడిగినప్పుడు మాత్రం నువ్వు అడ్డం పడతావనుకున్నాను. పడలేదు. సరే."

ఆ 'సరే'కి ప్రిస్కిల్లా సిద్ధపడి రాలేదు. తిడితే తిరగబడేది, అరిస్తే అరిచేది. జన్మంతా చేసింది అదే. వీడు ఆమె తప్పుని తన నెత్తిన పెట్టుకుని, దొంగ అనిపించుకుని, ఆమె పరువు కాపాడాడు. ఆ పరువుతో ఆమె 'మాకేం తెలుస్తుందండి' అంది.

మెర్సీ టీ ఇచ్చింది. ప్రిస్కిల్లా తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టేసి వచ్చేసింది.

*

మర్నాడు పని మానేసి రాజమండ్రి బస్సెక్కింది. దానవాయిపేటలో లిఫ్టు దగ్గర వాచ్‌మన్ ఎవరి ఇంట్లో పని అని అడిగాడు. పనికి కాదు బాబూ, పార్థసారథి గారితో మాట్లాడాలి అంది.

తలుపు ఆయన భార్య సీతారామలక్ష్మి గారు తీశారు. ప్రిస్కిల్లా చెప్పులు బయట విడిచి, లోపల గోడకి ఆనుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. తొట్టె, ఫోను, ఆటో. కాలితో ఒరిగించింది నేనేనండి అని కూడా చెప్పింది. ఈ ఒక్క మాటనే బస్సులో దారి పొడుగునా వల్లె వేసుకుంది.

పార్థసారథి గారు పేపరు మడిచారు. నవ్వారు.

"బాగా అల్లావమ్మా. మీవాణ్ణి కాయడానికి నువ్వు ఎంతకైనా వస్తావని నాకు తెలుసు."

"నిజమండి."

"నిన్న గట్టు మీద ఏమన్నావ్? మాకేం తెలుస్తుందండి అన్నావు. ఇవాళ నిజమంటున్నావు. నిరుడు ట్రాన్స్‌ఫార్మర్ వైరు పోయినప్పుడు కూడా ఇలాగే మైకు పట్టుకుని ప్రమాణం చేశావు, మా పేటవాళ్ళు ముట్టుకోలేదని. ఏమైంది?"

ఏమవుతుంది. వైరు కోసినవాడు పేటవాడే. ఆ వారంలోనే ఆమెకి తెలిసింది. మైకులో అన్న మాటని మళ్ళీ మైకులో వెనక్కి తీసుకునే ధైర్యం చాలక, పేదవాణ్ణి కాయడానికి ఆడింది అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకుంది. ఉన్నవాడు ఆడే అబద్ధాలు లెక్కపెట్టేటప్పుడు ఆమెకి ఆ సర్దుబాటు ఎప్పుడూ గుర్తు రాలేదు. ఇప్పుడు నిజం పట్టుకుని వస్తే ఆ నిజం చెల్లలేదు. అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశారు.

ప్రిస్కిల్లా వెళ్దామని చెప్పుల కోసం వెనక్కి తిరిగింది.

"మీరు ఎక్కడ ఆపారో చూపించగలరా అమ్మా?" అన్నారు సీతారామలక్ష్మి గారు. "నెల దాటింది కదా, గుర్తుంటుందా? ఏదో ఒక చోట నిలబడి ఇదే అంటే ఆయన ఒప్పుకోరు."

ప్రిస్కిల్లాకి చేను కళ్ళకి కట్టింది. రంగు మారిన ఆ గీత తాడు పట్టి లాగినట్టు తిన్నగా లేదు. ఉత్తరం కొసన పడమటికి పొడుచుకొచ్చి ఉంది, దక్షిణం వైపు తూర్పుకి లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఉత్తరం కొసన నాటేది సుబ్బాయమ్మ, చెయ్యి చురుకు. దక్షిణం వైపు జ్ఞానమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ వెనకబడే ముసలమ్మ. అన్నాలకి లేచినప్పుడు ఎవరి వరస ఎక్కడ ఆగిందో అక్కడే.

"చూపిస్తామండి," అంది.

"ఆదివారం వస్తాను," అన్నారాయన. "మళ్ళీ మళ్ళీ రావడానికి నాకు కుదరదు."

*

ఆ సాయంత్రం పేట కుళాయి దగ్గర ప్రిస్కిల్లా ముఠాని కూర్చోబెట్టి చెప్పింది. చెప్పడం అవ్వకముందే సుబ్బాయమ్మ లేచింది.

"నీకు మతి పోయిందా మేస్త్రీ? మనంతట మనం వెళ్ళి ఆయన ముందు నిలబడాలా? రేపటి నుంచి ప్రతి రైతూ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మంచినీళ్ళకి లేచినా అడుగుతాడు."

"కూర్చోనీ," అంది ప్రిస్కిల్లా.

"ఇన్నాళ్ళూ నువ్వే కదా చెప్పావు, పని దగ్గర వాళ్ళకి తలొంచొద్దని."

"చెప్పాను. పని సరిగ్గా చేసినవాళ్ళ మాట అది."

ముఠాలో అందరికంటే చిన్నది ఆశాజ్యోతి. "ఆదివారమంటే చర్చి వదిలే వేళ అక్కా. పేటంతా గట్టు మీదే ఉంటుంది. ఫోనుల్లో తీస్తారు. మా అత్త చూసిందంటే ఇంక చెప్పక్కర్లేదు," అంది.

"మీరు నోరు విప్పక్కర్లేదు. ఒరిగించింది నేను, ఆ మాట నేనే చెప్తాను. మీరు నిలబడితే చాలు."

జ్ఞానమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నా వెనకబాటే కదా ఇక్కడ సాక్ష్యం," అంది. "రోజూ నన్ను ఎక్కిరించారు, ముసల్దాని వల్ల మునుం వంకరవుతుందని. ఇప్పుడు ఆ వంకర కావలసొచ్చింది మీకు. వస్తాను. ప్రేమ్ బాబు నాకు ఏ రోజూ సగం కూలి ఇవ్వలేదు, అందరితో పాటే ఇచ్చాడు. వాడు దొంగ అనిపించుకుంటుంటే నేను నిన్న తల దించుకుని కలుపు పీకాను. రాత్రి ప్రార్థన చెయ్యడానికి కూడా సిగ్గేసింది."

సుబ్బాయమ్మ బిందె ఎత్తుకుని రెండడుగులు నడిచి ఆగింది. "నేను చర్చికి రాను గానీ చేలోకి వస్తాను," అంది. "ఒరిగించింది నీ కాలే. చూస్తూ ఊరుకున్నవి మా కళ్ళు కావా. కాకపోతే ఒక్కటి. ఆయన ఎక్కువ మాట్లాడితే మాత్రం నేను ఊరుకోను."

"ఎక్కువ మాట్లాడతాడు. ఊరుకుందాం," అంది ప్రిస్కిల్లా.

*

ఆరాధన అయ్యాక తెల్లచీరలు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి చేలోకి దిగారు. బైబిళ్ళు గట్టు మీద మెర్సీ చేతిలో పెట్టారు. పేట జనం వంతెన మీద, గట్టు మీద బారులు తీరారు. పార్థసారథి గారి కారు వచ్చింది. భార్య కూడా దిగారు.

ప్రిస్కిల్లా ముందు నడిచింది. ఆ రోజు ఎవరి పక్కన ఎవరు ఉన్నారో అదే వరసలో నిలబడమంది. ఉత్తరం కొసన సుబ్బాయమ్మ, ఆ పక్కన ఆశాజ్యోతి, నడుమ మిగతావాళ్ళు, దక్షిణం వైపు జ్ఞానమ్మ, చిట్టచివర ప్రిస్కిల్లా. తూర్పుకి తిరిగి, నాటేటప్పటిలా నడుము వంచారు.

ఇంకేం చెప్పాలి. అందరి మొహాల ముందూ ముదురు పచ్చ. అందరి మడమల వెనకా పాలిపోయిన పైరు. సుబ్బాయమ్మ పడమటికి ముందుకి పోయిన చోట పచ్చ కూడా ముందుకి పోయింది. జ్ఞానమ్మ వెనకబడిన చోట పచ్చ కూడా వెనకబడింది. ఆమె పాదాల చుట్టూ ఆ నొక్కు కొలత తీసి కుట్టిన రవికలా కుదిరింది.

గట్టు మీద ఎవరో నవ్వారు. ఎవరో ఫోను పైకెత్తారు. నడుము వంచి ఉన్న ప్రిస్కిల్లాకి నీళ్ళలో తన మొహం కనపడుతోంది. చూడటం ఇష్టం లేక కళ్ళు మూసుకుంది. మూసుకున్నా వెనకున్న పాలిపోయిన సగం వీపుకి తెలుస్తోంది.

"లేవండి," అన్నారు పార్థసారథి గారు. గొంతులో నవ్వు లేదు. "అయితే కూలీలు పని ఎగ్గొడతారని రైతులు అంటే నువ్వు ఇళ్ళ ముందుకి వెళ్ళి మరీ తిట్టావు కదమ్మా."

"ఆయ్. తిట్టానండి."

"ఇప్పుడేమంటావ్?"

"ఈ చేలో ఎగ్గొట్టామండి. యూరియా అతను చేనంతా చల్లాడు. అమ్ముకోలేదు. నానబెట్టమని నాకు అప్పచెప్పి వెళ్ళాడు, నేను పారబోశాను. మొన్న మీరడిగితే తెలీదన్నాను, అదీ అబద్ధమే. వైరు సంగతి కూడా అబద్ధమేనండి, అది మావాడే కోశాడు."

వైరు సంగతి ఎవరూ అడగకుండానే చెప్పింది. గట్టు మీద గుసగుసలు లేచాయి. సుబ్బాయమ్మ పళ్ళు బిగబట్టుకుని నిలబడింది గానీ, ఊరుకుంది.

ఆయన ప్రేమ్ కుమార్ వైపు తిరిగారు. "నీకు తెలుసా ఇది?"

"తెలుసండి."

"మరి నాకు చెప్పకపోయావా?"

ప్రేమ్ కుమార్ గట్టు దిగి జ్ఞానమ్మకి చెయ్యి అందించాడు. పార్థసారథి గారు అది చూసి, "దాళ్వాకి నువ్వే చెయ్యి," అన్నారు. దొంగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కౌలు కార్డు మీద సంతకం మాట ఎత్తనే లేదు. తప్పు ఒప్పుకోవడం ఆ రోజు చేలో ఉన్నవాళ్ళకే పడింది, గట్టు మీద ఉన్నవాళ్ళకి పడలేదు. సీతారామలక్ష్మి గారు కారెక్కుతూ జ్ఞానమ్మని, "మోకాళ్ళకి ఏమన్నా వాడుతున్నావా అమ్మా," అని అడిగారు.

ఆ వారంలోనే హరిచందనని అడిగి మళ్ళీ ప్యాకెట్లు తెచ్చారు. మాగిన పశువుల ఎరువులో కలిపి పడమటి సగమంతా ముఠాయే చల్లింది, కూలి లేకుండా. ఇంత ఆలస్యంగా ఎంత పనిచేస్తుందో చెప్పలేనండి అంది ఆ అమ్మాయి. పైరు కొంత తేరుకుంది. తూర్పు సగంతో మాత్రం కలవలేదు. కోతల దాకా ఆ వంకర గీత దారినపోయే వాళ్ళందరికీ కనపడుతూనే ఉంది. బస్సు దిగిన పిల్లలు కూడా చూపించుకునేవాళ్ళు, అదిగో ప్రిస్కిలమ్మ గీత అని.

*

దాళ్వా నాట్లకి ప్రేమ్ కుమార్ పిలుస్తాడని ప్రిస్కిల్లా అనుకోలేదు. పిలిచాడు. ముఠా మంచులో వెళ్ళేసరికి నీలం తొట్టె నిండా నల్లనీళ్ళు, వేళ్ళు మునిగేలా పేర్చిన కట్టలు సిద్ధంగా ఉన్నాయి.

"పెళ్ళి భోజనాలకి వచ్చాం బాబూ," అంది సుబ్బాయమ్మ. ఎవరూ పెద్దగా నవ్వలేదు. ప్రేమ్ కుమార్ కొంచెం నవ్వాడు.

ఇదివరకు ఇలాంటప్పుడు అతను పని అక్క చేతిలో పెట్టి, సైకిలెక్కి, సెంటర్ నుంచి టీ ఫ్లాస్కు తెచ్చేవాడు. ఈసారి టీ మెర్సీ తెచ్చింది. అతను తొట్టె దగ్గరే నిలబడ్డాడు. కొడవలి పట్టుకుని గట్టు చెక్కుతున్నట్టు, బోదెకి అడ్డం వేస్తున్నట్టు ఏవో పనులు చేస్తూనే ఉన్నాడు గానీ, తొట్టె వదిలి నాలుగడుగులు కూడా పోలేదు. పొద్దున్నా అంతే, అన్నాల తర్వాతా అంతే. ఒక్క మాట అనలేదు. అనడు.

నువ్వు వెళ్ళరా తమ్ముడూ, నేను చూసుకుంటాను. ఎన్నో ఏళ్ళుగా ఇట్టే అనేసిన మాట అది. ప్రిస్కిల్లా దాన్ని నాలుక చివరి దాకా తెచ్చుకుని మింగేసింది.

కట్టలు నానుతున్నాయి. గట్టు మీద అందరూ వరసగా కూర్చున్నారు. చేతులు దురద పెడుతున్నాయి.

"అయిందా?" అని అడిగిందామె.

"ఇంకా లేదక్కా," అన్నాడు ప్రేమ్ కుమార్, తొట్టె వైపే చూస్తూ.

ఆమె తల దించుకుని కూర్చుంది.